రెండు గేదెలకు ఏడాది మేత ఎలా సమకూర్చుకోవాలి

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఊళ్ళలో ఒకటో రెండో గేదెలు పెట్టుకుని కేంద్రానికి పాలు పోసే ఇళ్ళలో ఎవరిని అడిగినా, ఖర్చంతా దాణాకే పోతోందంటారు. బస్తా ధర పెరిగిన మాట నిజమే. అయితే ఆ ఇంటి లెక్క కాగితం మీద పెట్టి చూడండి. ఏప్రిల్లో గడ్డివాము అడుగంటాక అవతలివాడు చెప్పిన ధరకు గడ్డి కొనడం, పచ్చిమేత లేక ఆ లోటును కూడా దాణాతోనే పూడ్చడం, ఈ రెండే అసలు ఖర్చును పెంచుతుంటాయి. కాబట్టి మేత లెక్క డిసెంబరులో మొదలుపెట్టాలి, మే నెలలో కాదు.

కింద చెప్పేదంతా రోజుకు ఎనిమిది లీటర్ల దాకా పాలిచ్చే రెండు ముర్రా జాతి సంకర గేదెలున్న ఇంటికి సరిపోయే లెక్క. మీ గేదెల్ని బట్టి పెంచుకోండి, తగ్గించుకోండి.

ముందు టేపు తీసుకోండి

గేదె ఎంత తింటుందో దాని బరువును బట్టి ఉంటుంది. తూకం వేసే వీలు ఇంట్లో ఉండదు కాబట్టి దర్జీ టేపు చాలు. ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టూ ఎన్ని అంగుళాలో కొలవండి. భుజం ఎముక ముందు నుంచి తోక పక్కన పిరుదు ఎముక చివరిదాకా పొడవు కొలవండి. ఛాతీ కొలతను దానితోనే హెచ్చించి, వచ్చినదాన్ని పొడవుతో హెచ్చించి, 660తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. ఛాతీ 72 అంగుళాలు, పొడవు 56 ఉంటే దాదాపు 440 కిలోలు. అటూ ఇటూ కొంత తేడా వస్తుంది గాని, కంటి అంచనా కన్నా చాలా నయం.

పాలిచ్చే గేదెకు బరువులో నూటికి రెండున్నర నుంచి మూడు వంతుల మేత కావాలి. ఇది తేమ తీసేసిన లెక్క. 440 కిలోల గేదెకు రోజుకు 12, 13 కిలోల దాకా అనుకోండి. వరిగడ్డిలో నూటికి తొంభై పాళ్ళు పొడి పదార్థమే. పచ్చి నేపియర్‌లో నూటికి ఇరవై, మిగతాదంతా నీరు. అందుకే ఇరవై కిలోల పచ్చిమేత వేసి కడుపు నిండిందనుకుంటే పొరపాటు. దానిలో అసలు మేత నాలుగు కిలోలే.

ఈ లెక్కన ఎనిమిది లీటర్లిచ్చే గేదెకు రోజుకు ఇరవై కిలోల పచ్చిమేత, ఐదు కిలోల వరిగడ్డి, నాలుగు కిలోల దాణా కావాలి. వీటిలో ఒకటి తగ్గితే ఏదో ఒకటి పెరగాలి. పెరిగేది ఎప్పుడూ దాణాయే, ఖరీదైనదీ అదే.

గడ్డి: కోతల్లోనే కొనండి

రెండు గేదెలకు రోజుకు పది కిలోల చొప్పున ఏడాదికి 3,650 కిలోలు. తడిసేది, తొక్కేసేది కలుపుకుంటే నాలుగు టన్నులు పెట్టుకోండి. వరిలో గింజ ఎంత దిగుతుందో గడ్డి కూడా దాదాపు అంత ఉంటుంది. ఎకరానికి ముప్ఫై బస్తాలు (బస్తా 75 కిలోలు) పండిన చేలో రెండు టన్నులకు పైగా ఉన్నట్టే. కానీ మిషన్ కోతలో మోడు ఎత్తుగా మిగిలిపోతుంది, ట్రాక్టరు చక్రాల కింద కొంత నలుగుతుంది. చేతికొచ్చే గడ్డి బాగా తగ్గిపోతుంది కాబట్టి మూడెకరాల గడ్డి మాట్లాడుకుంటే నిశ్చింత.

సార్వా (ఖరీఫ్ వరి) కోతలు నవంబరు, డిసెంబరుల్లో. అప్పుడు రైతుకు గడ్డి అడ్డం, చేలో మినుమో మొక్కజొన్నో వేసుకోవాలి. ఆ తొందరలో ఉన్నప్పుడే బేరం కుదురుతుంది. జనవరి దాటితే వ్యాపారి చేతికి వెళ్తుంది. దాళ్వా (రబీ వరి) ఉన్న ఊళ్ళలో ఏప్రిల్లో మళ్ళీ గడ్డి దొరుకుతుంది గాని, దాని మీదే ఆధారపడకండి. కాలువకు నీళ్ళు వదలని ఏడాది దాళ్వాయే ఉండదు.

చేను దగ్గరికి వెళ్ళకుండా కొనొద్దు. వెళ్ళాక ఇవి చూడండి:

కోతకు ముందు సుడిదోమకు మందు కొట్టారా, కొడితే ఎన్ని రోజులైంది అని అడగండి. తడబడితే ఇంకో చేను చూసుకోండి.

కట్ట మధ్యలోకి చెయ్యి పెట్టండి. వేడిగా తగిలితే లోపల తేమ ఉంది. అది వాములో వేస్తే ఉడికి బూజు పడుతుంది. గడ్డి బంగారు రంగు పోయి నల్లగా, బూడిద రంగులో ఉంటే కోతకు ముందో తర్వాతో వానలో తడిసిందన్నమాట. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి వానల్లో పడిపోయి తడిసిన చేల గడ్డి ఎంత చవగ్గా వచ్చినా వదిలేయండి. బూజు పట్టిన వరిగడ్డి తిన్న గేదెలకు తోక చివర, చెవుల కొసలు, గిట్టల పైభాగం కుళ్ళి ఊడిపోయే జబ్బు వస్తుంది. పశువైద్యులు దాన్ని డెగ్నాల అంటారు.

కట్టల లెక్కన అమ్మితే ఒక కట్ట కాటా వేయించండి. ఒక మిషన్ కట్ట పన్నెండు కిలోలు తూగితే ఇంకో మిషన్‌ది పదహారు తూగుతుంది. ధర మాత్రం ‘కట్టకింత’ అనే చెబుతారు. కిలోకి ఎంత పడిందో చూసుకోవాల్సింది మీరే.

చేత్తో కోసి కుప్పనూర్చిన గడ్డి ఎక్కడైనా దొరికితే రెండు రూపాయలు ఎక్కువైనా తీసుకోండి. మట్టి అంటదు, పొడవుగా ఉంటుంది, గేదె వదలకుండా తింటుంది. ఇప్పుడు అది అరుదు.

వాము వేసేచోట నేల మీద తాటి దుంగలో, పాత పలకలో పరిచి జానెడు ఎత్తులో వేయండి. పైన నడుమ భాగం ఎత్తుగా పెట్టి, తార్పాలిన్ కప్పి తాళ్ళతో బిగించండి. కరెంటు తీగల కింద వద్దు. పశువుల చావిడికి ఆనించి కూడా వద్దు. నిప్పంటుకుంటే రెండూ పోతాయి. బుడమేరు పొంగిన 2024 సెప్టెంబరులో విజయవాడ పక్క ఊళ్ళలో నీళ్ళు రోజుల తరబడి నిలిచాయి. పల్లంలో ఇల్లున్నవాళ్ళు సగం గడ్డినైనా మెరకమీద చుట్టాల దొడ్లో వేసుకోవడం మంచిది.

ఇరవై సెంట్ల పచ్చిమేత

రెండు గేదెలకు రోజుకు నలభై కిలోల చొప్పున ఏడాదికి పధ్నాలుగున్నర టన్నులు. సంకర నేపియర్, అంటే కో-4, కో-5, సూపర్ నేపియర్ లాంటివి నీటి వసతి ఉంటే ఎకరానికి ఏడాదికి ఎనభై నుంచి వంద టన్నులు సులువుగా ఇస్తాయి. అంతకు రెట్టింపు చెప్పేవాళ్ళుంటారు, నమ్మి లెక్క వేసుకోకండి. ఎనభై టన్నుల లెక్కన చూసినా ఇరవై సెంట్లలో పదహారు టన్నులు.

రెండు కణుపులున్న ముక్కలు తీసుకుని, ఒక కణుపు మట్టిలో ఉండేలా, వరుసకు వరుసకు మూడడుగులు, మొక్కకు మొక్కకు రెండడుగుల దూరంలో ఏటవాలుగా నాటండి. ఇరవై సెంట్లకు 1,450 ముక్కల దాకా పడతాయి. మొదటి కోత రెండు, రెండున్నర నెలలకు. ఆ తర్వాత నలభై, నలభై ఐదు రోజులకోసారి. నిలువెత్తు దాటనిచ్చి కోస్తే కాండం ముదిరి గేదె ఆకులు తిని కర్రలు వదిలేస్తుంది. ఇరవై సెంట్లనూ ఆరు మడులుగా చేసుకుని వారానికో మడి కోసుకుంటూ పోతే ఎప్పుడూ లేత మేతే దొరుకుతుంది. కోసిన ప్రతిసారీ పేడ ఎరువు, గుప్పెడు యూరియా వేసి నీరు పెట్టండి.

డెల్టా రేగడిలో ఒక చిక్కుంది. నేపియర్ నీళ్ళు నిలిస్తే కుళ్ళిపోతుంది. పల్లపు నేలైతే బోదెలు ఎత్తి వాటి మీద నాటండి, లేదా గట్లమీద వేసుకోండి. మురుగు కాలువ పక్కన, ఎప్పుడూ తేమగా ఉండే చోట పారాగడ్డి వేస్తే అది నీళ్ళలోనే బతుకుతుంది.

నేపియర్ ఒక్కటే చాలదు. కడుపు నింపుతుంది గాని మాంసకృత్తులు తక్కువ. పక్కనే ఐదు సెంట్లలో దశరథ గడ్డి వేయండి. విత్తనం గట్టిది. ఉడుకు తగ్గిన వేడినీళ్ళలో మూడు నాలుగు నిమిషాలు ఉంచి తీసి, రాత్రంతా చన్నీళ్ళలో నానబెట్టి చల్లితే బాగా మొలుస్తుంది. ఒకసారి నాటుకుంటే మూడు నాలుగేళ్ళు కోస్తూనే ఉండవచ్చు. గట్టు మీద నాలుగు అవిశె చెట్లుంటే మేకలకూ, దూడలకూ పనికొస్తాయి. సుబాబుల్ ఆకు నందిగామ వైపు ఎంతైనా దొరుకుతుంది. మొత్తం పచ్చిమేతలో మూడో వంతు మించనివ్వకండి, మించితే వెంట్రుకలు రాలతాయి, పశువు చిక్కిపోతుంది.

వెనకటి రోజుల్లో డెల్టాలో వరి కోతకు ముందే చేలో పిల్లిపెసర, జనుము చల్లేవాళ్ళు. పదునుతోనే మొలిచి, ఫిబ్రవరికల్లా పప్పుజాతి మేత చేతికొచ్చేది, భూమికీ బలం. ఇప్పుడు ఆ చోటు మినుముదీ మొక్కజొన్నదీ అయింది. మీకు సొంత చేను ఉంటే ఒక మూల పదిసెంట్లలో పిల్లిపెసర చల్లి చూడండి, మిషన్ కోసిన వెంటనే పదును ఆరకముందే. మినుము నూర్చాక మిగిలే పొట్టును కూడా కళ్ళంలో తగలబెట్టనివ్వకండి. వరిగడ్డికన్నా మంచి మేత అది. బస్తాలకెత్తి చావిట్లో వేసుకోండి.

అజొల్లా గురించి చాలామంది అడుగుతారు. పెంచుకోండి, మంచిదే. కాని గేదెకు రోజుకు కిలో, కిలోన్నర మించి పెట్టలేం. మన ఎండల్లో మే నెల దాటించడం కష్టం. దాన్ని చూసుకుని దాణా తగ్గిద్దామనుకుంటే మాత్రం నిరాశే.

విత్తనాలు, కణుపులు ఎక్కడ దొరుకుతాయో మీ ఊరి పశువైద్యశాలలో అడగండి. లాం ఫారంలోని పశు పరిశోధనా స్థానంలో, గన్నవరం పశువైద్య కళాశాలలో మేత పంటల గురించి తెలిసినవాళ్ళున్నారు.

దాణా ఇంట్లోనే కలుపుకోవాలంటే

మన ప్రాంతానికి ఉన్న సౌకర్యం ఏమిటంటే సరుకంతా ముప్ఫై కిలోమీటర్ల లోపలే దొరుకుతుంది. తవుడు ఏ రైసు మిల్లులోనైనా, మినప పొట్టు, నూక తెనాలి పప్పు మిల్లుల్లో, పత్తి చెక్క గుంటూరు నూనె మిల్లుల్లో, మొక్కజొన్న దుగ్గిరాల, కొల్లిపర చేలల్లో. వంద కిలోలకు ఈ పాళ్ళు పెట్టుకోండి:

- మొక్కజొన్న రవ్వ 30 కిలోలు
- పత్తి చెక్క 20
- తవుడు 20
- వేరుశనగ చెక్క 15
- మినప పొట్టు, నూక కలిపి 12
- ఖనిజ లవణ మిశ్రమం 2
- ఉప్పు 1

దీనిలో మాంసకృత్తులు నూటికి పద్ధెనిమిది దాకా వస్తాయి. వేరుశనగ చెక్క ధర మండిపోతుంటే సోయా చెక్క వేసుకోవచ్చు. మొక్కజొన్నను పిండి చేయించొద్దు, రవ్వగా మర పట్టించండి. పిండైతే కడుపులో త్వరగా పులిసిపోతుంది. మొత్తం గింజలే వేస్తే పేడలో అలాగే బయటపడతాయి.

కొనేటప్పుడు చూసుకోవాల్సింది తవుడునే. ఊక మర పట్టించి కలిపేస్తారు. చిటికెడు తీసి బొటనవేలితో నలపండి. మంచి తవుడు మెత్తగా నూనెగా అంటుకుంటుంది, కమ్మని వాసన వస్తుంది. ఊక ఉంటే గరుగ్గా గీసుకుంటుంది. ఒక గ్లాసు నీళ్ళలో వేసి కలపండి, అడుగున ఇసుక కనిపిస్తే ఆ మిల్లు వదిలేయండి. తవుడులో నూనె ఉంటుంది కాబట్టి ఎండాకాలంలో రెండు మూడు వారాలకే ముక్క వాసన కొడుతుంది. ఒకేసారి నెలలకు సరిపడా తెచ్చి పెట్టుకోకండి. పత్తి చెక్క విరిస్తే లోపల పసుపు కలిసిన గోధుమ రంగులో ఉండాలి, బూజు మరక ఒక్కటి కూడా ఉండకూడదు. చిన్న దూడలకు పత్తి చెక్క పెట్టొద్దు.

రోడ్డు మీద ఆరబోసి వానకు తడిసిన మొక్కజొన్న చవగ్గా వస్తుంది. కొనకండి. ఎండబెట్టాక బూజు కనిపించకపోవచ్చు, దాని విషం మాత్రం ఎండకు పోదు. అఫ్లాటాక్సిన్ అనే ఆ విషం గేదె కాలేయాన్ని దెబ్బతీసి పాలలోకి కూడా దిగుతుంది. ఆ పాలు తాగేది మన పిల్లలే.

ఇదంతా కుదరనివాళ్ళు బస్తా దాణా కొనుక్కోవచ్చు, తప్పేం లేదు. ఐఎస్ఐ గుర్తు, మాంసకృత్తుల శాతం, తయారీ తేదీ ఈ మూడూ చూడండి. తేమ నూటికి పదకొండు మించకూడదు. ‘వెన్న పెరుగుతుంది’ అని బస్తా మీద పెద్దక్షరాల్లో రాస్తే దాన్ని ప్రకటనగానే తీసుకోండి.

బస్తాలు గోడకు అడుగు దూరంలో, చెక్క పలకల మీద పెట్టాలి. సిమెంటు నేల చెమ్మ పీల్చుకుంటుంది.

ఎవరికి ఎంత

పచ్చిమేత, గడ్డి సరిపడా తింటున్న గేదెకు ప్రతి రెండు లీటర్ల పాలకు కిలో దాణా. ఆవుకైతే రెండున్నర లీటర్లకు కిలో. పచ్చిమేత లేకుండా ఒట్టి వరిగడ్డి మీద ఉన్నదానికి పాల లెక్క కాకుండా ఇంకో కిలోన్నర, రెండు కిలోలు ఒంటికోసం వేయాలి. ఒట్టిపోయిన గేదెను పస్తు పెట్టొద్దు. చూడి చివరి రెండు నెలలు రోజుకు రెండు కిలోల దాణా పెడితే ఆ ఫలితం ఈనాక కేనులో కనబడుతుంది.

చాలా ఇళ్ళలో రెండు గేదెలకూ ఒకే డబ్బాతో సమానంగా పోస్తారు. పది లీటర్లిచ్చేది అరకడుపుతో, నాలుగు లీటర్లిచ్చేది కొవ్వుపట్టి ఉంటుంది. డబ్బా ఒకసారి కాటా మీద పెట్టి ఎంత పడుతుందో గుర్తు గీసుకోండి. చెక్క కలిసిన దాణా బరువు, తవుడు ఎక్కువైతే తేలిక, డబ్బా మాత్రం అదే.

కిలో దాణా పెంచితే పాలు పెరుగుతాయా లేదా అన్న అనుమానం ఉంటే పది రోజులు పెంచి చూడండి. పూటపూటా పాలు రాసుకోండి. కిలోకు లీటరుకు పైగా రాకపోతే ఆ గేదె అంతే ఇస్తుంది, పెంచింది తీసేయండి.

దాణాను నీళ్ళ కుడితిలో కలిపి తాగించే అలవాటు మనకుంది. బియ్యం కడుగు, గంజి తాగించండి, కాదనను. దాణాను మాత్రం చెమ్మగా తడిపి గాడిలో పెట్టండి. నమిలితేనే లాలాజలం ఊరుతుంది, అది కడుపులో పులుపును విరుస్తుంది. ఖనిజ లవణ మిశ్రమం విడిగా ఇచ్చేట్టయితే రోజుకు యాభై గ్రాములు. వరిగడ్డి, నేపియర్ రెండింట్లోనూ ఉన్న పదార్థాలు సున్నాన్ని, అంటే కాల్షియాన్ని, ఒంటికి పట్టనివ్వవు. ఎదకు రావట్లేదని ఇంజక్షన్లు వేయించేముందు ఈ యాభై గ్రాములు రెండు నెలలు ఆపకుండా పెట్టి చూడండి.

గడ్డి, నేపియర్ అంగుళం ముక్కలుగా కోసి, రెండూ కలిపి వేయండి. పొడవుగా వేస్తే ఆకు ఏరుకుని తిని మిగతాది కాళ్ళ కింద వేసుకుంటుంది. గడ్డి కోసే మిషన్ ఒక్కరికే బరువైతే మూడిళ్ళు కలిసి కొనుక్కోవచ్చు.

నీళ్ళు వేసవిలో గేదెకు రోజుకు డెబ్బై, ఎనభై లీటర్లు. ఎప్పుడూ తొట్టిలో ఉండాలి. మేలో పగటిపూట మేత ముట్టకపోతే జబ్బనుకోకండి. తెల్లవారుజామున, రాత్రి ఎక్కువ వేయండి.

ఏం మార్చాలో పేడే చెబుతుంది. నీళ్ళలా జారితే దాణా ఎక్కువైంది, లేదా మేత ఉన్నట్టుండి మారింది. గట్టిగా ఉండలు కడితే నీళ్ళు, పచ్చిమేత తక్కువ. కేంద్రంలో ఇచ్చే చీటీ కూడా దాచుకోండి. వెన్న శాతం పడిపోతే గడ్డి పెంచండి, అప్పుడు దాణా పెంచితే ఇంకా పడుతుంది.

పచ్చిమేత లేని నెలలకు

నీళ్ళు లేక నేపియర్ ఎండిపోయే ఊళ్ళలో రెండు దారులున్నాయి.

మొదటిది పాతర గడ్డి (సైలేజి). మొక్కజొన్నను గింజ పాలు గట్టిపడి పిండి పట్టే దశలో కోయించి, అంగుళం ముక్కలు చేయండి. గుప్పెడు గట్టిగా పిండి వదలండి. నీళ్ళు కారితే ఒక పూట ఆరనివ్వాలి. ఉండలా ఉండి మెల్లగా విచ్చుకుంటే సరిగ్గా ఉన్నట్టు. లోపల ప్లాస్టిక్ కవరున్న సంచుల్లో కొంచెం కొంచెం వేసి కాలితో తొక్కి, గాలి లేకుండా మూతి బిగించి నలభై ఐదు రోజులు కదపకుండా ఉంచండి. తెరిచినప్పుడు పుల్లని కమ్మటి వాసన రావాలి. ఎలుక సంచికి చిల్లు పెడితే ఆ చుట్టూ నల్లబడుతుంది, ఆ భాగం పారేయండి.

రెండోది యూరియాతో మాగవేసిన గడ్డి. నాలుగు కిలోల యూరియాను యాభై లీటర్ల నీళ్ళలో పూర్తిగా కరిగించి, వంద కిలోల వరిగడ్డిని పొరలు పొరలుగా పరుస్తూ ప్రతి పొరమీదా సమంగా చల్లి తొక్కాలి. తార్పాలిన్‌తో గాలి చొరకుండా కప్పి 21 రోజులు ఉంచాలి. మూడు నాలుగు పాళ్ళున్న మాంసకృత్తులు ఏడెనిమిది పాళ్ళవుతాయి, గడ్డి మెత్తబడి ఎక్కువ తింటుంది. రోజూ కావలసినంత తీసి గంటసేపు ఆరబెట్టి, ఘాటు వాసన పోయాక వేయండి. వారం పాటు మామూలు గడ్డిలో కొద్దికొద్దిగా కలుపుతూ అలవాటు చేయండి. ఆర్నెల్లలోపు దూడలకు వద్దు. యూరియా కలిపిన బకెట్టు, సంచి గేదెలకు అందే చోట ఒక్క నిమిషం కూడా ఉంచకండి. ఆ నీళ్ళు తాగితే గంటల్లోనే ప్రాణం పోవచ్చు.

ప్రాణం మీదికి తెచ్చేవి

జొన్న పిలకలు. కోసేసిన జొన్న చేలో వానపడి లేచిన లేత పిలకలు, నీరు లేక వాడిన లేత జొన్న మేస్తే నాము, అంటే లేత జొన్నలో ఉండే విషం, తగులుతుంది. గేదె వణికి, రొప్పుతూ నిమిషాల్లో పడిపోతుంది. జొన్న పూత దశకు వచ్చాకే కోసి వేయండి, అదీ నీరు పెట్టిన చేనులోది.

పెళ్ళి భోజనాల్లో మిగిలిన అన్నం. పారేయడం ఇష్టంలేక డేగిశాడు అన్నం తెచ్చి గాడిలో కుమ్మరిస్తారు. అలవాటు లేని గేదె అంత అన్నం ఒక్కసారి తింటే కడుపంతా పులిసి, నెమరు ఆగిపోయి, పుల్లటి వాసనతో పారుకుంటుంది. రెండు గుప్పెళ్ళు పెట్టండి, డేగిశా వద్దు. అరిసెలు, బూరెలు, ఉగాది పిండివంటలు కూడా అంతే.

మందు కొట్టిన పత్తి చేలో, మిర్చి చేలో మేపడం. మందు డబ్బాలు కడిగిన కాలువ నీళ్ళు తాగించడం.

వాన వెలిసిన పొద్దున మంచు తడితో ఉన్న లేత పిల్లిపెసర, బొబ్బర చేలోకి ఆకలిమీద వదిలితే ఎడమ డొక్క డప్పులా ఉబ్బుతుంది. ముందు కాస్త ఎండుగడ్డి వేసి, తర్వాత కోసి వాడ్చిన మేత వేయండి.

ఇలాంటిదేదైనా జరిగితే నాటు వైద్యం చూద్దామని ఆగకండి. గొంతులో బలవంతంగా ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే పశువైద్యుడికి కబురు పెట్టండి. దగ్గర్లో లేకపోతే సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చేసి, గేదె ఏం తింది, ఎంత తింది, ఎన్ని గంటలకు తింది అన్నవి ముందే చెప్పండి.